తొలి పేజీ ఎవరి కోసం?



ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్ళలో ఈమధ్య ఒక మాట తరచుగా వినబడుతోంది. "ఈ శని, ఆదివారాలు ఇంటికి రాను, కాలేజీలో హ్యాకథాన్ ఉంది" అని. అమ్మానాన్నలకు అదేమిటో పూర్తిగా తెలియకపోయినా, రాత్రంతా మేలుకుని కంప్యూటర్ల ముందు కూర్చుని ఏదో తయారుచేసే పోటీ అని మాత్రం తెలుసు. అలాంటి పోటీల్లో నాకు బాగా ఇష్టమైన ఒక రకం గురించి ఇవాళ మాట్లాడతాను. అయిదారుగురు ఒక జట్టుగా కూడి, ఒక కొత్త వ్యాపారం ఆలోచించి, ఒకటి రెండు రోజుల్లోనే దానికి వెబ్‌సైట్ తయారుచేసి, న్యాయనిర్ణేతల ముందు పెట్టాలి. ఈ పోటీలకు మెంటారుగా, అప్పుడప్పుడు న్యాయనిర్ణేతగా వెళ్ళడం నాకు అలవాటు. అక్కడ చూసినవి, చూసి నమ్మినవి మీతో పంచుకుంటాను.

ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది స్టార్టప్ వీకెండ్. 2007లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, బోల్డర్ అనే ఊళ్ళో ఆండ్రూ హైడ్ దీన్ని మొదలుపెట్టాడు. శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం రాత్రికి ముగుస్తుంది. మొత్తం 54 గంటలు. మొదటి సాయంత్రం ఎవరికి తోచిన ఆలోచన వాళ్ళు ఒక్క నిమిషంలో చెప్తారు. వచ్చినవాళ్ళు ఓట్లు వేస్తారు. ఎక్కువమందికి నచ్చిన ఆలోచనల చుట్టూ జట్లు ఏర్పడతాయి. చివరి సాయంత్రం న్యాయనిర్ణేతలు ముఖ్యంగా మూడు విషయాలు చూస్తారు. ఇది కావలసినవాళ్ళు నిజంగా ఉన్నారో లేదో వెళ్ళి కనుక్కున్నారా? తయారుచేసినది ఎలా ఉంది? దీనికి డబ్బు ఎలా వస్తుంది? మన దేశంలో 2017లో స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ మొదలైంది. దాని సాఫ్ట్‌వేర్ విభాగంలో తుది పోటీ 36 గంటలు. జట్టుకు ఆరుగురు, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండి తీరాలి. ఇప్పుడు జిల్లాల్లోని కాలేజీల్లో కూడా 24 గంటల పోటీలు, 36 గంటల పోటీలు జరుగుతున్నాయి.

54 గంటలంటే వినడానికి చాలానే అనిపిస్తుంది. నిద్ర, తిండి, జట్టు కట్టడం, పేరు కోసం వాదన, చివరి ప్రసంగం తయారీ, ఇవన్నీ తీసేయండి. వెబ్‌సైట్ మీద కూర్చోవడానికి ఇరవై గంటలు మిగిలితే గొప్ప. 24 గంటల పోటీలో అయితే పది కూడా కష్టమే. ఆ కొద్ది గంటల్లో మొదటి గంటను దేనికి ఖర్చుపెట్టారన్నదాన్ని బట్టే తక్కినదంతా నడుస్తుందని నా గట్టి నమ్మకం. చాలా జట్లు ఆ గంటను రంగులకూ లోగోకూ ఇచ్చేస్తాయి. నీలమా ఆకుపచ్చా అన్న దగ్గర మొదలైన వాదన అర్ధరాత్రి దాకా సాగిన సందర్భాలు ఎన్నో చూశాను. ఈ వెబ్‌సైట్ తెరిచే మనిషి ఎవరు, తెరవగానే ఆ మనిషి మనసులో ఉండే ప్రశ్న ఏమిటి అన్నది మాత్రం ఎవరూ కాగితం మీద పెట్టరు.

ఒక ఉదాహరణ చెప్తాను. గోదావరి డెల్టాలో ఒక కాలేజీలో జరిగిన పోటీ అది. ఒక జట్టు తీసుకున్న ఆలోచన వినగానే నాకు నచ్చింది. వరికోత మిషన్లు అద్దెకు మాట్లాడిపెట్టే స్టార్టప్. కోతల కాలంలో డెల్టాలో మిషన్ దొరకడం ఎంత కష్టమో ఆ చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెప్తారు. అందరి చేలూ ఒక్కసారే కోతకొస్తాయి. ఆకాశంలో మబ్బు కనబడితే ఇక ఉరుకులు పరుగులే. ఆలోచన మంచిది, జట్టులో పిల్లలు చురుకైనవాళ్ళు. నేను వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళేసరికి తొలి పేజీ తయారైపోయింది. తెర నిండా ఒక ఫొటో. పొద్దు గుంకే వేళ బంగారు రంగులో మెరుస్తున్న పంట చేను. దాని మీద ఇంగ్లీషులో ఒక నినాదం, వ్యవసాయానికి కొత్త భవిష్యత్తు అన్న అర్థంలో. కింద రెండు బటన్లు, అవీ ఇంగ్లీషులోనే. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కాస్త ముందుకు వంగి చూస్తే, ఆ ఫొటోలో ఉన్నది వరి కాదు, గోధుమ.

ఆ ఫొటో ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేది. తొందరలో ఎవరైనా అలాంటిదే తీసుకుంటారు. కాని ఫొటో ఒక్కటే కాదు, నినాదమూ ఎక్కడిదో, బటన్లూ ఎక్కడివో. కోత మిషన్ కావలసిన మనిషికి పనికొచ్చే ముక్క ఆ పేజీ మొత్తం మీద ఒక్కటీ లేదు.

మిషన్ అవసరం ఉన్న మనిషి ఎవరికైనా ఇప్పుడే ఫోన్ చేయగలరా అని అడిగాను. జట్టులో ఒక అమ్మాయి వాళ్ళ బాబాయికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, బల్ల మధ్యలో ఉంచింది.

"ఏం తల్లీ, ఈ వేళప్పుడు చేశావు? అంతా బాగేనా?" అన్నాడాయన ముందు.

"బాగానే ఉన్నాం బాబాయ్. చిన్న పని. మీరు కోత మిషన్ మాట్లాడుకునేటప్పుడు ముందు ఏం అడుగుతారు?"

"ఏముందమ్మా, చైన్ మిషనా టైరు మిషనా అని అడుగుతాం. సార్వాకి చేలో తడి ఉంటది. టైరు మిషన్ దింపితే కూరుకుపోద్ది."

"తర్వాత?"

"గంట లెక్కా ఎకరం లెక్కా అని. చేను పడిపోయి ఉంటే మిషన్ మెల్లిగా నడుస్తది. అప్పుడు గంట లెక్కయితే మాకు గిట్టదు." కాసేపాగి మళ్ళీ ఆయనే అన్నాడు. "అన్నిటికన్నా ముఖ్యం, ఏ రోజు వస్తాడో నికరంగా చెప్పాలమ్మా. రేపంటాడు, ఎల్లుండంటాడు. ఈలోగా వాన పడిందనుకో, అయిపోయినట్టే."

ఈ సంగతులు తెలియని శ్రోతల కోసం ఒక మాట. సార్వా అంటే ఖరీఫ్ పంట. టైరు మిషన్ చక్రాల మీద నడుస్తుంది, ఆరిన చేలో బాగా పనిచేస్తుంది. చైన్ మిషన్‌కు చక్రాల బదులు వెడల్పాటి పట్టీలుంటాయి, బరువంతా పరుచుకుంటుంది కాబట్టి బురదలో కూడా దిగబడదు. కార్తీకంలో తుపాను వచ్చి చేలో నీళ్ళు నిలిచిన ఏడాది రైతుకు ఈ తేడాయే సర్వస్వం. జట్టులో ముగ్గురు ఆ ప్రాంతంవాళ్ళే. ఈ సంగతి వాళ్ళెరుగనిదేమీ కాదు. తెలిసిన సంగతి వెబ్‌సైట్‌లో పెట్టదగినదని వాళ్ళకు తోచలేదు, అంతే. వెబ్‌సైట్ అంటే ఏదో వేరే భాషలో, వేరే లోకపు వాలకంలో ఉండాలని మన పిల్లలకు ఎలా అలవాటైపోయిందో గాని, నన్ను బాధపెట్టేది అదే.

ఆ ఫోన్ తర్వాత పేజీ మారిపోయింది. ఫొటో తీసేశారు. పైన రెండే రెండు వాక్యాలు. వరికోత మిషన్ కావాలా? మీ చేను సంగతి చెప్పండి, మీకు సరిపడే మిషన్ ఎప్పుడు ఖాళీయో కనుక్కుని మేమే ఫోన్ చేస్తాం. దాని కింద ఊరు, ఎన్ని ఎకరాలు, ఏ రోజుకి కావాలి, ఫోన్ నంబరు. మధ్యలో చేను ఎలా ఉంది అన్న ప్రశ్న. దానికి టైపు చేయనక్కర్లేదు, మూడు బటన్లున్నాయి. ఆరింది, తడిగా ఉంది, నీళ్ళున్నాయి. పక్కన ఇంకొకటి, చేను పడిపోయింది అని. ఆ బటన్ల వల్ల చైన్ మిషన్ పంపాలో టైరు మిషన్ పంపాలో జట్టుకే తెలిసిపోతుంది. ఫోన్ నంబరు గడిని ముట్టుకోగానే అక్షరాల కీబోర్డు కాకుండా అంకెల కీబోర్డు వచ్చేలా ఒక కుర్రాడు సరిచేశాడు. అది ఒక్క మాట కోడ్ పని. చూపు కాస్త మందగించినవాళ్ళకు, వేళ్ళు మొద్దుబారినవాళ్ళకు అది ఎంత సాయమో చెప్పలేను.

ఇక్కడే జట్టులో గట్టి వాదన వచ్చింది. ముందు లాగిన్ పెట్టాలి, ఓటీపీ రావాలి, రైతు తన ఖాతా తెరవాలి, మిషన్ ఎక్కడుందో మ్యాప్ మీద కదలాలి అని ఇద్దరు పట్టుబట్టారు. అదంతా లేకపోతే న్యాయనిర్ణేతలు చిన్నచూపు చూస్తారని వాళ్ళ భయం. వద్దన్నాను. రైతు వివరాలు ఒక గూగుల్ షీట్‌లో పడితే చాలు. షీట్ చూసి జట్టులో ఒకరు ఫోన్ చేస్తారు. మిషన్ ఓనరుతో మాట్లాడతారు. బయటికి వెబ్‌సైట్, వెనకాల మనుషులు. ఇది తప్పించుకోవడం కాదు. పేరున్న కంపెనీలు కొన్ని ఇంతకన్నా తక్కువతోనే మొదలయ్యాయి. 2010లో బఫర్ అనే సేవను ఆలోచించిన జోయెల్ గాస్కాయిన్, కోడ్ రాయకముందే రెండు పేజీల వెబ్‌సైట్ పెట్టాడు. మొదటి పేజీలో ఆ సేవ ఏం చేస్తుందో రాశాడు. బటన్ నొక్కితే, ఇంకా సిద్ధం కాలేదు, ఈమెయిల్ ఇచ్చి వెళ్ళండి అని రెండో పేజీ చెప్పేది. కొందరు ఈమెయిల్ ఇచ్చాక, మధ్యలో ధరల పేజీ ఒకటి చేర్చాడు. డబ్బు పెట్టడానికి కూడా సిద్ధపడేవాళ్ళు ఉన్నారని తేలాకే అసలు పని మొదలుపెట్టాడు.

మనవాళ్ళ కథే ఇంకొకటి ఉంది. దీపావళికి ఊరు వెళ్దామంటే బెంగళూరులో బస్సు టికెట్ దొరక్క ఆగిపోయిన ఫణీంద్ర సామ, ఇద్దరు మిత్రులతో కలిసి 2006లో బస్సు టికెట్ల వెబ్‌సైట్ రెడ్‌బస్ మొదలుపెట్టారు. ఆ వెబ్‌సైట్ అడిగే ప్రశ్నలు ఏమిటి? ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ రోజు. బస్టాండులో కౌంటరు ముందు నిలబడ్డ మనిషి చెప్పే మాటలే అవి. పండక్కి ఊరు వెళ్ళాల్సిన మనిషి అవస్థ తెలిసినవాళ్ళు కట్టిన వెబ్‌సైట్ కాబట్టి, పక్క సంగతుల్లోకి పోకుండా ఆ ప్రశ్నలతోనే మొదలైంది. మీ స్టార్టప్ ఏదైనా కానివ్వండి, కౌంటరు ముందు ఆ మనిషి నోట ఏ మాట వస్తుందో అదే మీ తొలి పేజీ.

ఇంకొక విషయం. ఇది కాస్త కటువుగానే చెప్తాను. ఆ కోత మిషన్ జట్టు మొదటి పేజీలో కిందికి వెళ్తే, 500 మందికి పైగా రైతుల నమ్మకం అని ఒక అంకె ఉంది. పక్కనే ముగ్గురు రైతుల ఫొటోలు, వాళ్ళు మెచ్చుకున్నట్టు మాటలు. ఆ స్టార్టప్ పుట్టింది ముందు రోజు సాయంత్రం. ఆ రైతులూ లేరు, ఆ మాటలూ ఎవరూ అనలేదు. నమూనా పేజీలో అలాంటి చోటు ఉంది కాబట్టి నింపామని పిల్లలు మామూలుగా చెప్పారు. దాదాపు ప్రతి పోటీలోనూ ఇది చూస్తున్నాను. పోటీ కదా, ఎవరికి నష్టం అంటారు. నష్టం ఉంది. మొదటి రోజే లేని జనాన్ని ఉన్నట్టు చూపడానికి అలవాటు పడ్డ చెయ్యి, రేపు నిజమైన వ్యాపారంలో నిజమైన డబ్బు దగ్గర కూడా అదే పని చేస్తుంది. ఆ చోట ఏం పెట్టాలని అడిగారు. ఇప్పటిదాకా ఎంతమంది రైతులతో మాట్లాడారో అది పెట్టండన్నాను. అప్పటికి ఒక్కరితోనే మాట్లాడారు. సాయంత్రానికి ఇంకో ఎనిమిది మందికి ఫోన్ చేసి, తొమ్మిది మంది రైతులను అడిగి తయారుచేశాం అని రాశారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన ఆ వాక్యం దగ్గరే ఆగి, ఆ తొమ్మిది మందీ ఏమన్నారో చెప్పమని అడిగాడు. 500 అని ఉండి ఉంటే ఆ ప్రశ్న వచ్చేదే కాదు.

ఫోన్ నంబర్లు తీసుకుంటున్నప్పుడు మరో బాధ్యత కూడా ఉంది. 2023లో మన దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం వచ్చింది. చట్టం మాట పక్కన పెట్టినా, మీ నంబరు ఎందుకు అడుగుతున్నాం, ఎవరికి ఇస్తాం అని గడి కిందే ఒక వాక్యం రాయడం మర్యాద. మిషన్ ఓనరుకు మాత్రమే ఇస్తాం అని రాశారంటే, ఆ మాట మీదే ఉండాలి.

ఇప్పుడు తెలుగు అక్షరాల సంగతి. తెలుగులో వెబ్‌సైట్ పెట్టాలని నిర్ణయించుకున్న జట్లు కూడా ఇక్కడ దెబ్బతింటాయి, అందుకని కొంచెం వివరంగా చెప్తాను. తక్కువ సమయంలో అందరూ ఏదో ఒక నమూనా పేజీ తీసుకుని దాన్ని మార్చుకుంటారు. తప్పులేదు. 2011లో ట్విటర్‌లో పనిచేసే ఇద్దరు ఇంజినీర్లు బూట్‌స్ట్రాప్ అనే ఉచిత సామగ్రిని బయటపెట్టిన దగ్గర్నుంచి ప్రపంచమంతా అలాగే చేస్తోంది. కాని ఆ నమూనాలు ఇంగ్లీషు అక్షరం కొలతకు చేసినవి. వేరొకరి కొలతకు కుట్టిన చొక్కా తొడుక్కుంటే భుజాల దగ్గర పట్టేసినట్టు, తెలుగు వాటిలో ఇరుక్కుంటుంది. మన అక్షరానికి పైన గుడి, దీర్ఘం ఉంటాయి, కింద వత్తు ఉంటుంది. "ఎప్పుడొస్తుంది" అనే మాట చూడండి. ప కింద వత్తు, స కింద వత్తు. "లక్ష్మి" అన్నామంటే వత్తు కింద మరో వత్తు. నమూనా పేజీలో వరుసకూ వరుసకూ మధ్య దూరం తక్కువ. పై వరుస వత్తులు వచ్చి కింది వరుస గుళ్ళ మీద కూర్చుంటాయి. బటన్ ఎత్తు ముందే బిగించి ఉంటే వత్తు సగానికి తెగిపోతుంది. జట్టులో అందరూ తెలుగువాళ్ళే అయినా అది కంటికి ఆనకపోవడం చూశాను. ఏం రాశారో ముందే తెలుసు కాబట్టి తెగిన అక్షరాన్ని కూడా మనసు పూర్తి చేసుకుని చదివేస్తుంది. కొత్తగా చూసే మనిషి అక్కడే ఆగిపోతాడు.

దీనికి మందు చిన్నదే. వరుసల మధ్య దూరాన్ని అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు పైనే పెట్టండి, పెద్ద శీర్షికలతో సహా. బటన్‌కు ఎత్తు బిగించకుండా, లోపలి మాటకు చుట్టూ ఖాళీ ఇచ్చి వదిలేయండి. అక్షరాల మధ్య ఎడం పెంచే సదుపాయాన్ని తెలుగు జోలికి రానివ్వకండి. ఇటాలిక్ కూడా వద్దు. చాలా తెలుగు ఫాంట్లలో వాలు అక్షరాలు లేనేలేవు, బ్రౌజరే అక్షరాన్ని బలవంతంగా వంచుతుంది. ఫాంటులో లావు అక్షరాలు లేకుండా బోల్డ్ అడిగితే అప్పుడూ ఇంతే. బ్రౌజరు తనే గీతలను లావు చేస్తుంది, ఘ, ఝ లాంటివి లోపల పూడుకుపోతాయి. మన మాటలు పొడుగు. ఇంగ్లీషులో నాలుగక్షరాల బటన్ తెలుగులో "నమోదు చేసుకోండి" అవుతుంది. చిన్న ఫోన్ తెర మీద అది అంచు దాటిపోతుందేమో చూసుకోవాలి. చూసుకునే బదులు, ఆ చోట "మిషన్ కావాలి" అని రాస్తే ఇంకా మంచిది. కోత మిషన్ జట్టు అదే రాసింది.

ఫాంట్లకు ఇప్పుడు లోటు లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, ఎన్టీఆర్ లాంటివి, నోటో సాన్స్ తెలుగు, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు ఒకటి, పాఠానికి ఒకటి చాలు. తెలుగులో వత్తులు, గుణింతాల కలయికలు అన్నీ ఉండాలి కాబట్టి ఫాంట్ ఫైలు బరువు. నాలుగైదు తగిలిస్తే పేజీ తెరుచుకునేసరికి ఫోన్ పట్టుకున్న మనిషి ఓపిక అయిపోతుంది. ఇంకో జాగ్రత్త. డీటీపీ సెంటర్లో కంపోజ్ చేయించిన పాత కరపత్రం నుంచి తెలుగు కాపీ చేసి వెబ్‌సైట్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అది అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతి కాదు. యూనికోడ్‌లో తెలుగు 1991లో వచ్చిన తొలి వెర్షన్ నుంచే ఉంది. ఆ పద్ధతిలో టైపు చేస్తేనే వెతికితే దొరుకుతుంది, ఫోన్ బిగ్గరగా చదివి వినిపించగలుగుతుంది. చూపు లేనివాళ్ళు ఫోన్ చదివి వినిపిస్తేనే వెబ్‌సైట్ వాడతారు. తెలుగు మాటల్ని బొమ్మగా చేసి పెడితే వాళ్ళకు అక్కడ ఏమీ లేనట్టే.

రంగుల గురించి కూడా ఒక్క ముక్క, పిల్లలు అంత సేపు కొట్టుకుంటారు కాబట్టి. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూత్రీసీ సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. దీన్ని లెక్కకట్టి చూపే ఉచిత సాధనాలు ఉన్నాయి, నిమిషం పని. తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు ఏసీ గదిలో అందంగానే ఉంటాయి. చేను గట్టు మీద మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోన్ చూసే మనిషికి అవి కనబడవు.

ఇక వేగం. మనిషి ఓపిక గురించి, కంప్యూటర్ల వాడుక సౌలభ్యాన్ని పరిశోధించిన జేకబ్ నీల్సన్ 1993లోనే రాశాడు. స్పందన పదోవంతు సెకనులో వస్తే వెంటనే వచ్చినట్టు అనిపిస్తుంది, ఒక సెకను దాకా ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే మనిషి ధ్యాస వేరే పని మీదికి పోతుంది. ఫోన్‌తో తీసిన ఫొటోను చిన్నది చేయకుండా అలాగే పెడితే నాలుగైదు ఎంబీలు ఉంటుంది. కాలేజీ వైఫైలో బాగానే తెరుచుకుంటుంది. ఊరి చివర ఒక్క గీత సిగ్నల్‌లో తెరుచుకోదు. అందుకని ప్రతి జట్టుకూ ఒక పని అప్పజెప్తాను. మీ లాప్‌టాప్ కాదు, మీ కొత్త ఫోన్ కాదు. క్యాంటీన్‌లో పనిచేసే అక్కనో, గేటు దగ్గర వాచ్‌మన్ అన్ననో మర్యాదగా అడిగి, వాళ్ళ ఫోన్‌లో, వాళ్ళ డేటా మీద మీ పేజీ తెరిపించండి. తెరిచాక మీరు నోరు విప్పకండి. ఇక్కడ నొక్కండి అని చెప్పకండి. వాళ్ళ బొటనవేలు ఎక్కడికి వెళ్తోందో, ఎక్కడ ఆగుతోందో చూడండి. ఇదే నీల్సన్ 2000లో చెప్పిన ఇంకో మాట, అయిదుగురితో ఇలా పరీక్షిస్తే పెద్ద లోపాల్లో చాలా మటుకు బయటపడతాయని. అయిదుగురికి గంట చాలు.

ఆ రోజు వాచ్‌మన్ కోత మిషన్ జట్టు పేజీ తెరిచి, తేదీ గడి ముట్టుకోగానే ఇంగ్లీషు నెలలతో క్యాలెండరు విచ్చుకుంది. ఆయన ఫోన్ పక్కన పెట్టేశాడు. "నాకు రాదు బాబూ" అన్నాడు. రాకపోవడం ఆయన లోపం కాదు. కుర్రాళ్ళు వెళ్ళి ఆ క్యాలెండరు పీకేసి, రేపు, ఎల్లుండి, ఈ వారంలో అని మూడు బటన్లు పెట్టారు. కోత మాట్లాడుకునేది ఆ మాటలతోనే కదా. మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళారు. ఈసారి చివరిదాకా నింపాడు. జట్టు మొత్తానికి ఆ రెండు రోజుల్లో వచ్చిన నిజమైన ఆనందం అదేనని నేను చెప్పగలను, వాళ్ళ మొహాలు చూశాను.

జట్టులో పని పంచుకోవడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. రాసే మనిషి ఒకరు తప్పనిసరిగా ఉండాలి, ఇంగ్లీషు నుంచి తెలుగు చేసే మనిషి కాదు, తెలుగులోనే ఆలోచించి రాసే మనిషి. వాదన తెగనప్పుడు తెంచే అధికారం ఒకరికి మొదటే ఇవ్వాలి. గడువుకు మూడు గంటల ముందు నుంచి కొత్తది ఏదీ చేర్చకూడదు.

ఇప్పుడు ఏఐ వచ్చింది. ఏం కావాలో రెండు వాక్యాల్లో చెప్తే నిమిషాల్లో వెబ్‌సైట్ పేజీ కట్టి ఇచ్చే సాధనాలు ప్రతి జట్టు దగ్గరా ఉన్నాయి. వాడుకోండి, నేనేమీ కాదనను. కోడ్ మీద పోయే గంటలు మిగులుతాయి. కాని మీరు ఏమీ చెప్పకపోతే అది మళ్ళీ అదే బంగారు రంగు చేను, అదే నినాదం, అదే 500 మంది రైతుల నమ్మకం తెచ్చి పెడుతుంది. సార్వా చేలో టైరు మిషన్ దిగబడుతుందన్న సంగతి పేజీలోకి రావాలంటే ఎవరో ఒకరు బాబాయికి ఫోన్ చేయాలి. మిగిలిన గంటలు ఆ ఫోన్లకు వాడండి.

చివరి ప్రదర్శనకు అయిదు నిమిషాలు ఇస్తారు. అందులో మూడు నిమిషాలు మీ పరిచయానికే పోనివ్వకండి. ఫోన్‌లో పేజీ తెరిచి, ఒక రైతు వివరాలు నింపి, షీట్‌లో అవి పడటం చూపించండి. సరిగ్గా ఆ సమయానికే ఇంటర్నెట్ మొరాయించడం మామూలు కాబట్టి, అంతా సవ్యంగా నడిచినప్పటి తెరను ముందే వీడియో తీసి దగ్గర పెట్టుకోండి.

పోటీ ఆదివారం రాత్రి ముగుస్తుంది. సర్టిఫికెట్లు, ఫొటోలు అయిపోతాయి, అందరూ హాస్టళ్ళకు వెళ్ళి నిద్రపోతారు. సోమవారం పొద్దున ఆ షీట్ తెరవండి. అందులో కొందరి పేర్లు, ఊళ్ళు, నంబర్లు ఉంటాయి. పోటీ సంగతి వాళ్ళకు తెలియదు, ఫోన్ చేస్తామన్నారు కాబట్టి ఎదురుచూస్తుంటారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగండి. మిషన్ దొరికిందా, ఎవరి ద్వారా దొరికింది, గంటకు మాట్లాడుకున్నారా ఎకరానికా. ఇంకా దొరకలేదన్నారనుకోండి, అప్పటికప్పుడు ఒక ఓనరును పట్టుకుని, చేలో తడి ఎంత ఉందో చెప్పి, రోజు ఖాయం చేసి, ఆ రైతుకు మళ్ళీ ఫోన్ చేయండి.